నంబరు పోతే ఇజ్జత్ పోతుందా?



పోయిన ఎండాకాలం మూడు నెలలు షికాగో దగ్గర మా ఆపా ఇంట్లో ఉన్నాను. ఒక ఇత్వార్ నాడు జొహర్ నమాజ్ అయ్యాక అందరం దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాం. ఖట్టీ దాల్, తలావా గోష్త్, మధ్యలో మా భాంజా జిందగీ. ఆ రోజు ఆ మూడింటిలో ఎక్కువ చేతులు పడింది మూడోదాని మీదే.

మా భాంజా పైలట్. వయసు 36. ఒక చవక టికెట్ల ప్యాసింజర్ కంపెనీలో 9 ఏళ్ల నౌకరీ. అందులో 3 ఏళ్లుగా కెప్టెన్. ఆ వారమే అతనికి ఒక పెద్ద కార్గో కంపెనీ నుంచి పిలుపొచ్చింది. అమెరికాలో కార్గో అంటే రెండు పేర్లు ముందు వినిపిస్తాయి. మెంఫిస్‌లో రాత్రంతా మేల్కొనే ఫెడెక్స్, లూయీవిల్‌లో రాత్రంతా మేల్కొనే యూపీఎస్. పిలుపు ఆ రెంటిలో ఏదో ఒకదాని నుంచే వచ్చింది. ఏదన్నది ఇక్కడ అవసరం లేదు.

చేరాలంటే ఒక్కటే ముష్కిల్. అతని 9 ఏళ్ల సీనియారిటీ అక్కడ పనికిరాదు. కెప్టెన్ కుర్చీ వదిలి కుడిపక్క కుర్చీలోకి, లిస్టులో అందరికంటే కిందికి, మొదటి ఏడాది జీతానికి వెళ్లాలి. ఆ జీతం ఇప్పటిదాంట్లో సగం కూడా ఉండదు.

ఇక మొదలైంది. దుల్హేభాయి తమ్ముడు చెయ్యి కడుక్కోకుండానే అన్నాడు: "నలభై దగ్గరపడుతుంటే మళ్లీ లైను చివర నిలబడతావా? అది కూడా పార్సిల్ డబ్బాలు మోయడానికి? ఆస్మాన్‌లో లారీ డ్రైవరీ!" అందరూ నవ్వారు. మా భాంజా కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. మెహమాన్‌ని కదా, నోరు మూసుకున్నాను. ఆ రోజు మింగిందంతా ఇవాళ ఇక్కడ రాస్తున్నాను. ఇది ఒక్క ఇంటి సంగతి అయితే రాసేవాణ్ని కాదు. మన ఖాందాన్‌లలో పిల్లల నౌకరీలను తూచే తరాజు ఇదే. దుబాయి నర్సు అయినా, దమ్మామ్ ఇంజనీరు అయినా, షికాగో పైలట్ అయినా తరాజు మారదు. ఆ తరాజుతోనే నా ఝగడా.

ముందు ఈ సీనియారిటీ ఏమిటో సాఫ్‌గా చెప్తాను. నాకూ ఆ మూడు నెలల్లోనే అర్థమైంది.

మన సర్కారీ ఆఫీసుల్లోనూ సీనియారిటీ ఉంది. కానీ అమెరికా విమాన కంపెనీల్లో అది చాలా సఖ్త్. చేరిన తారీఖును బట్టి ప్రతి పైలట్‌కూ ఒక నంబరు వస్తుంది. ఏ ఊరి నుంచి ఎగరాలి, ఏ విమానం నడపాలి, కెప్టెన్ ఎప్పుడు కావాలి, నెలలో ఏ ట్రిప్పులు దొరుకుతాయి, సెలవు ఏ తారీఖుల్లో దొరుకుతుంది, అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. ఈద్ రోజు ఇంట్లో ఉంటాడా, ఏదో ఊరి హోటల్‌లో ఒంటరిగా సేమియా తలుచుకుంటూ కూర్చుంటాడా అన్నది కూడా నంబరే చెప్తుంది. కంపెనీకి గడ్డు రోజులు వస్తే ఇంటికి పంపడం లిస్టు అడుగు నుంచి మొదలవుతుంది. మీకంటే ఒక్కరోజు ముందు చేరినవాడు జిందగీ మొత్తం మీకంటే ముందే ఉంటాడు.

ఇంకో కంపెనీకి మారితే? నంబరు మీతో రాదు. ఒక డాక్టర్ దవాఖానా మారితే తజుర్బా వెంట వస్తుంది, జీతం పెరుగుతుంది. ఇంజనీరు కంపెనీ మారితే పదవి పెరుగుతుంది. పైలట్‌కు మాత్రం పది వేల గంటలు ఎగిరిన చేతులైనా సరే, కొత్త చోట నిన్న చేరిన కుర్రాడి వెనకే నిలబడాలి.

ఇప్పుడు మావాళ్ల వాదనలు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది ఇజ్జత్. "ప్యాసింజర్ విమానం కెప్టెన్ అంటే రిష్తాల్లో చెప్పుకోవడానికి బాగుంటుంది. మనుషులు సలాం చేస్తారు. కార్గో అంటే ఏం చెప్పుకుంటాం?" ఈ మాట అన్నది మా ఆపాయే. అందుకే ఎక్కువ బాధ కలిగింది. మన అబ్బా వరంగల్‌లో బియ్యం బస్తాల లెక్క రాసేవారు. బస్తాలే మనల్ని చదివించాయి. ఆ బస్తాల్లో మనకు కనపడని తౌహీన్ ఈ డబ్బాల్లో ఎక్కడి నుంచి వచ్చింది? కోవిడ్ రోజుల్లో 2020లో ప్యాసింజర్ విమానాలు వరసగా పార్కింగ్‌లో నిలబడిపోయినప్పుడు దవాయీలు, మాస్కులు, ఆ తర్వాత టీకాలు మోసింది ఈ డబ్బాల విమానాలే. వాటిని నడిపినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. ఎవరూ తలుపు దగ్గర నిలబడి వాళ్లకు థాంక్యూ చెప్పరు. పేరు తెలియకపోతే పని చిన్నదైపోతుందా?

ఆ రోజు ఇంకో పెద్దాయన చాలా ఫిక్ర్‌తో అడిగాడు: "ఆ డబ్బాల్లో ఏముంటుందో ఏమో. షరాబ్ ఉంటే?" నేను ముఫ్తీని కాదు, ఫత్వా ఇవ్వను. ఆ సవాల్ అడగాల్సిన ఆలిమ్‌లు ఉన్నారు. కానీ ఒక్కటి అడుగుతాను. తొమ్మిదేళ్లుగా మా భాంజా కుర్చీ వెనక, ప్యాసింజర్ల మధ్యలో ట్రాలీ మీద పెట్టి షరాబ్ అమ్ముతూనే ఉన్నారు. అప్పుడు మీకెవరికీ ఈ ఫిక్ర్ రాలేదే? అల్లాహ్ డర్ కొత్త నౌకరీతోనే మొదలవుతుందా? ఇజ్జత్‌కు దీన్ బుర్ఖా తొడిగి మాట్లాడకండి.

రెండోది "తొమ్మిదేళ్లు బర్బాద్" అనే ఏడుపు. ఇది వినడానికి హిసాబ్‌లా ఉంటుంది గానీ హిసాబ్ కాదు. 65 ఏళ్లు నిండగానే అమెరికా ఎయిర్‌లైన్స్ పైలట్ రిటైర్ కావాల్సిందే. 2007 డిసెంబర్ దాకా అది 60, ఆ తర్వాత కానూన్ మార్చి 65 చేశారు. మా భాంజాకు 36. అంటే వెనక 9, ముందు 29. ఉన్నచోటే ఉన్నా, మారినా, వెనకటి 9 ఏళ్లు తిరిగి రావు. ఆ ఏళ్ల జీతం తిన్నాం, కట్టుకున్నాం, జకాత్ ఇచ్చాం. వాటి హిసాబ్ ఐపోయింది. ఇక తూచాల్సింది ముందున్న 29.

పైగా నంబరు అంటే మన పేరు మీద రిజిస్టర్ అయిన జమీన్ కాదు. ఒక దుకాణం ముందు క్యూలో మన చోటు. దుకాణం మూతపడితే ఆ చోటును ఏం చేసుకుంటాం? మనవాళ్లకు తెలిసిన మిసాల్ చెప్తాను. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఎగరడం ఆపేసింది. అందులో ఇరవై ఏళ్లు చేసినవాళ్ల నంబరు ఒక్క రాత్రిలో కాగితమైపోయింది. అమెరికాలో ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్‌ను 2001లో అమెరికన్ కొనుక్కున్నప్పుడు, ఆ పాత కంపెనీ పైలట్లలో చాలామందిని కొత్త లిస్టు అడుగున కలిపారు. ఆ తర్వాత కోతలు వచ్చినప్పుడు ముందు ఇంటికి పోయింది వాళ్లే. యునైటెడ్ దివాలా తీసి 2005లో తన ఉద్యోగుల పింఛను పథకాలనే వదిలించుకుంది. నంబరు పదిలంగా ఉన్నవాళ్లకు కూడా బుఢాపా భరోసా పోయింది. ఇక చవక టికెట్ల కంపెనీల సంగతి చూడండి. స్పిరిట్ 2024 నవంబర్‌లో ఒకసారి, 2025 ఆగస్టులో ఇంకోసారి దివాలా రక్షణ కోరింది. వందల మంది పైలట్లను ఇంటికి పంపింది. మా భాంజా పనిచేసేది ఆ కంపెనీలో కాదు, అలాంటి వ్యాపారమే చేసే ఇంకో కంపెనీలో. మరి "ఉన్నది వదిలి పోవద్దు" అనేవాళ్లు ఉన్నది ఎంత గట్టిదో ఒక్కసారైనా చూశారా?

అతను తన హిసాబ్ ఒక కాగితం మీద రాసుకున్నాడు. కొత్త కంపెనీ జీతాల పట్టిక యూనియన్ ఒప్పందంలోనే ఉంటుంది, దాచేదేం లేదు. ఐదో ఏడాదికి ఇప్పటి జీతం దగ్గరకు వస్తాడు. ఆ తర్వాత దాటుతాడు. పైనున్నవాళ్లలో రాబోయే పదేళ్లలో ఎందరికి 65 నిండుతుందో కూడా లెక్కపెట్టుకున్నాడు. ఎందుకంటే లిస్టులో మనం పైకెళ్లేది మన మెహనత్‌తో కాదు, పైవాళ్లు రిటైర్ అయితేనో, కంపెనీ పెరిగి మన వెనక కొత్తవాళ్లు చేరితేనో. ఇదే పిలుపు 54 ఏళ్ల మనిషికి వచ్చుంటే, మిగిలినవి 11 ఏళ్లే, అందులో ఐదు నష్టాన్ని పూడ్చడానికే పోతాయి, వద్దు భాయీ అని నేనే అనేవాణ్ని. వయసు చూడకుండా ఇచ్చే మష్వరా మష్వరా కాదు.

ఇంతదాకా చదివి నేను "పో బేటా, కళ్లు మూసుకుని పో" అనే జట్టులో ఉన్నానని అనుకోకండి. ఆ జట్టు మీద నాకు ఇంకా ఎక్కువ కోపం.

ఆ జట్టు లీడర్ ఒక కజిన్. ఫోన్‌లో లెక్కలు చూపిస్తూ, "కార్గోకి మందగమనం అన్నదే ఉండదు, పదేళ్లలో కరోడ్‌పతి" అన్నాడు. మందగమనం ఉండదని ఎవరన్నారు? యూపీఎస్ 2010లో తన పైలట్లలో కొందరిని ఫర్లో చేసింది. కోవిడ్ జోరు తగ్గాక 2023లో పని లేక, వేరే చిన్న ప్రాంతీయ కంపెనీలో అవకాశం చూసుకోవచ్చని ఫెడెక్సే తన పైలట్లకు కబురు పంపింది. పోస్టాఫీసు సరుకు మోసే పెద్ద కాంట్రాక్టు 2024 సెప్టెంబర్ చివర్లో ఫెడెక్స్ చేతి నుంచి జారి యూపీఎస్‌కు పోయింది. లిస్టు అడుగున ఉన్నవాడికి ఇలాంటి ప్రతి ఖబర్ గుండెల మీద తడుతుంది. లాలచ్ జట్టు ఇవేవీ చెప్పదు.

ఇంకోటి రాత్రి. కార్గో హబ్ అంటే ఏమిటో మీకు చెప్పాలి. దేశం నలుమూలల నుంచి విమానాలు అర్ధరాత్రి ముందూ వెనకా వచ్చి వాలతాయి. డబ్బాలన్నీ దింపి, ఊర్ల వారీగా విడదీసి, మళ్లీ ఎక్కించి, తెల్లవారుజామున పంపేస్తారు. ఆ రెండు మూడు గంటలు పైలట్లు హబ్‌లో రెస్టు గదిలో ఒక కునుకు తీస్తారు. దునియా తహజ్జుద్ వేళలో ఉన్నప్పుడు మళ్లీ లేచి ఎగురుతారు. ఫజర్ ఏదో ఊరి రన్‌వే పక్కన. ఆ తర్వాత పగటి వెలుగులో పరదాలు వేసుకుని నిద్ర. ఒక వారం కాదు, ఏళ్లకు ఏళ్లు.

దీనికి రెస్టు రూల్స్ లేవా? ఉన్నాయి, అందులోనే ఒక జుల్మ్ ఉంది. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర ఒక చిన్న ప్యాసింజర్ విమానం కూలి 50 మంది పోయారు. పైలట్ల అలసట మీద దేశమంతా చర్చ జరిగింది. కొత్త రూల్స్ రాశారు. డ్యూటీకి ముందు కనీసం 10 గంటల రెస్టు, రాత్రి డ్యూటీకి తక్కువ గంటలు, ఇలా. అవి 2014 జనవరి నుంచి అమల్లోకి వచ్చాయి. కానీ ఎవరికి? ప్యాసింజర్ పైలట్లకు. కార్గో కంపెనీలకు ఖర్చు ఎక్కువవుతుంది, లాభం తక్కువ అని లెక్కగట్టి వాళ్లను ఆ రూల్స్ నుంచి బయట పెట్టారు. ఆ రూల్స్ అమలుకు కొన్ని నెలల ముందే, 2013 ఆగస్టు 14న తెల్లవారకముందు, అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో దిగుతూ ఒక యూపీఎస్ విమానం కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. దర్యాప్తు చేసినవాళ్లు చెప్పిన కారణాల్లో అలసట కూడా ఒకటి. వెనక మనుషులున్నారా డబ్బాలున్నాయా అని నిద్ర చూసుకుని రాదు. యూనియన్లు పోరాడి తమ ఒప్పందాల్లో రెస్టు గంటలు సాధించుకున్నాయి, అది వేరే. కానూన్ మాత్రం ఇంకా రెండు రకాల పైలట్లు ఉన్నారనే అంటోంది.

2025 నవంబర్ 4న లూయీవిల్‌లో పైకి లేస్తూనే ఒక కార్గో విమానం ఇంజన్ ఊడి కూలింది. అందులోని ముగ్గురు పైలట్లూ, నేల మీద ఎందరో పోయారు. ఆ ఖబర్ విన్న రాత్రి మా ఆపా ఫోన్ చేసి ఏడ్చింది. ఇన్నా లిల్లాహి చదువుకున్నాం. ఏ విమానమైనా మౌత్ అల్లాహ్ చేతిలోనే ఉంది, అది నిజం. అంతమాత్రాన "అంతా నసీబ్" అని లెక్క చూడకుండా ఉండమని దీన్ మనకు చెప్పలేదు. ఒంటెను కట్టేశాకే తవక్కుల్ చేయమన్న నబీ సల్లల్లాహు అలైహి వసల్లం నసీహత్ మన పిల్లలకు మదర్సాలోనే చెప్తాం. "ఇస్తిఖారా చేసుకో బేటా, చాలు" అని లేచిపోయిన పెద్దవాళ్లకు కూడా నేను చెప్పేది ఇదే. ఇస్తిఖారా సర్ ఆంఖోం పర్. కానీ అది ఆలోచించే జిమ్మేదారీ నుంచి తప్పించుకునే బహానా కాదు.

ఇప్పుడు దస్తర్‌ఖాన్ దగ్గర ఎవరూ అనని రెండు మాటలు చెప్తాను. నా కోపమంతా నిజానికి వాటి గురించే.

మొదటిది మా భాంజా మనసులో ఉన్న డర్. ఆ సాయంత్రం అసర్ నమాజ్‌కి మస్జిద్‌కి పోతూ కారులో చెప్పాడు. "మామూ, జీతం సంగతి కాదు. ఈ నంబరుకు ఒక గుణం ఉంది. దానికి నా పేరు తెలియదు."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు. 2001 సెప్టెంబర్ తర్వాత ఆ దేశంలో ముస్లిం పేరుతో కాక్‌పిట్‌లో కూర్చోవడం అందరికీ తెలిసిన ముష్కిలే. ఒకసారి ఒక ప్యాసింజర్, కెప్టెన్ ఎవరని ఎయిర్‌హోస్టెస్‌ను అడిగి, పేరు విని, ఇంకోసారి అడిగాడట. ఆ తర్వాత నుంచి మా భాంజా మైకులో పేరు చెప్పేటప్పుడు గొంతు కొంచెం సాఫ్ చేసుకుంటాడు. కానీ లిస్టులో అలాంటిదేం లేదు. ట్రిప్పులు పంచేటప్పుడు మేనేజర్‌కు నచ్చాడా లేదా అనే సవాల్ లేదు. సిఫారిష్ లేదు, చెంచాగిరీ లేదు. మత్, రంగు, యాస ఏవీ లేవు. చేరిన తారీఖు ఒక్కటే. అతని వంతు వచ్చినప్పుడు కెప్టెన్ కుర్చీ అతనికి ఇవ్వక తప్పలేదు. "తొమ్మిదేళ్లలో నన్ను ఎవరూ పేరు చూసి ఆపలేకపోయారు మామూ. అక్కడ మళ్లీ మొదటి ఏడాది ప్రొబేషన్. ఆ ఏడాది ఏదైనా అయితే యూనియన్ కూడా నా కోసం గట్టిగా నిలబడలేదు."

మన పెద్దమనుషులు ఆ సీనియారిటీని ఇజ్జత్ అన్నారు. అతనికి అది పనాహ్, తలదాచుకునే చోటు. ఈ రెంటికీ జమీన్ ఆస్మాన్ ఫర్క్. మన పిల్లలు పరాయి దేశంలో ఏ నీడన బతుకుతున్నారో మనకు తెలియదు, తెలుసుకోం, అడగం. రిష్తాల్లో ఏం చెప్పుకోవాలన్నదే మన ఫిక్ర్. ఆ రోజు తూచదగ్గ అసలు బరువు ఇదొక్కటే. దాన్ని అతను డిక్కీలో దాచిన సామాన్లా కారులో దాచుకుని తిరుగుతున్నాడు.

నేనేమన్నానంటే, ఆ పనాహ్ ఒక్క కంపెనీది కాదు బేటా, ఆ పద్ధతిది. కొత్త చోటా అదే పద్ధతి. ఒక్క ఏడాది నీడ లేకుండా నడవాలి, ఆ తర్వాత మళ్లీ నీడే. నీ కాగితాలు, నీ ట్రైనింగ్ రికార్డు సాఫ్‌గా ఉన్నాయి. కానీ ఆ ఏడాది డర్ నీది, తేలిగ్గా తీసుకోమని చెప్పే హక్ నాకు లేదు.

రెండో మాట బహూది.

ఆ రోజు దస్తర్‌ఖాన్ దగ్గర పదకొండు మంది మాట్లాడారు. నేను లెక్కపెట్టాను. బహూ మాట్లాడలేదు, ఎందుకంటే ఎవరూ ఆమెను అడగలేదు. ఆమె రోటీలు తెచ్చి పెడుతోంది. మరుసటి రోజు చాయ్ తాగుతూ నేనే అడిగాను. "నువ్వేమంటావు బేటీ?" ఆమె మొదట నవ్వింది. తర్వాత అంది: "మామూజాన్, ఆయన తొమ్మిదేళ్ల గురించి అందరూ ఏడుస్తున్నారు. నావి ఏడేళ్లు. వాటి గురించి ఎవరికీ తెలియదు."

ఆమె అక్కడి ప్రభుత్వ బడిలో టీచర్. ఇల్లినాయ్‌లో 2011 తర్వాత చేరిన టీచర్లకు పింఛను హక్ పదేళ్ల సర్వీసు నిండితేనే వస్తుంది. ఇంకో మూడేళ్లు ఉంది. హబ్ ఉన్న ఊరికి మకాం మారిస్తే వేరే రాష్ట్రం, వేరే లైసెన్సు, వేరే పింఛను. ఆమెకూ మళ్లీ మొదటి ఏడాదే. ఆమె నంబరు కూడా పోతుంది. పదకొండు మందిలో ఒక్కరికీ ఇది తట్టలేదు. నాకూ తట్టలేదు, ఒప్పుకుంటున్నాను.

ఇంకొక సంగతి. ఆ ఐదేళ్లు ఇల్లు ఎలా నడుస్తుంది? అందరూ "బహూ జీతం ఉందిగా" అన్నారు, ఆమె ముందే. మన దీన్‌లో ఇల్లు నడపడం, అంటే నఫఖా, మగాడి జిమ్మేదారీ. ఆడమనిషి కమాయీ ఆమె సొంతం. నికా ఖుత్బాలు వినేటప్పుడు తల ఊపుతాం. ఆమె ఇస్తే అది ఎహ్సాన్, ఆమె తీసుకునే సవాబ్. కానీ అడక్కుండానే లెక్కలో రాసేసుకోవడం ఏమిటి? జహేజ్ అడిగేవాళ్లను ఈ బ్లాగులో నేను ఎన్నిసార్లు తిట్టానో మీకు తెలుసు. అడగకుండా జీతం లెక్కేసుకోవడం దానికి చిన్న తమ్ముడే.

"నువ్వు వద్దంటావా?" అని అడిగాను. "లేదు మామూజాన్. పొమ్మనే అంటాను. నాతో కూర్చుని లెక్క వేయమంటాను, అంతే" అంది.

ఆ రాత్రి మా భాంజాను పిలిచి తిట్టాను. ఆపా విన్నది, మంచిదే. "యూనియన్ పట్టిక చూశావు, రిటైర్మెంట్లు లెక్కపెట్టావు, ఖాలూనీ చిచ్చానీ అడిగావు. నీ పక్కన కూర్చుని ఎగిరే మనిషిని అడగలేదు. కాక్‌పిట్‌లో కో పైలట్‌ను అడక్కుండా రన్‌వే మారుస్తావా?" తల వంచుకున్నాడు.

ఆ తర్వాత వాళ్లిద్దరూ మూడు రాత్రులు పిల్లలు పడుకున్నాక కిచెన్ బల్ల దగ్గర కూర్చున్నారు. మేమెవరం పోలేదు. ఏం తేల్చుకున్నారో వాళ్ల ఇజాజత్‌తోనే రాస్తున్నాను. అతను చేరతాడు. మూడేళ్లు కుటుంబం షికాగోలోనే ఉంటుంది, ఆమె పదేళ్లు నిండేదాకా. హబ్ ఊర్లో అతను ఇంకొందరు పైలట్లతో కలిసి ఒక గది అద్దెకు తీసుకుంటాడు. రిజర్వ్ డ్యూటీ అంటే ఫోన్ మోగగానే పరిగెత్తాలి కాబట్టి అక్కడే పడుకుంటాడు, సెలవు రోజుల్లో ఇంటికి వస్తాడు. సూద్ అప్పు వద్దు. కొత్త కారు ఆలోచన ఆగిపోయింది. చేరకముందే ఎనిమిది నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి. ఆమె జీతంలోంచి ఇంటికి ఎంత ఇస్తుందో ఆమే చెప్పింది, ఆమే రాసింది. మిగతాది ఆమెది. మొదటి రెండు ఈద్‌లు అతను ఇంట్లో ఉండకపోవచ్చని పిల్లలకు ముందే చెప్పారు. చిన్నవాడు ఏడ్చాడట. ఇవన్నీ ఖర్చులే, ఇవన్నీ కాగితం మీదకు వచ్చాయి.

ఇది సరైన ఫైసలా అవుతుందో లేదో పదేళ్లకు గానీ తెలియదు. కంపెనీ పడిపోవచ్చు, అతని ఒళ్లు రాత్రుళ్లను తట్టుకోకపోవచ్చు. ఏమైనా సరే, ఇద్దరూ కళ్లు తెరుచుకుని చేసిన ఫైసలా. రేపు ఏదైనా కష్టం వస్తే "నన్నడిగావా" అనే మాట వాళ్ల మధ్య రాదు. బర్కత్ అంటే నాకు తెలిసింది కొంత ఇదే.

భాయియో, బెహనో, మీ ఇంట్లో కూడా రేపు ఇలాంటి దస్తర్‌ఖాన్ పరుచుకుంటుంది. కొడుకు కువైట్ నుంచి కెనడా మారతానంటాడు, బిడ్డ ప్రైవేటు దవాఖానా వదిలి సర్కారీ దవాఖానాలో చేరతానంటుంది, జీతం తగ్గుతుంది, సర్వీసు పోతుంది. అప్పుడు "లోగ్ క్యా కహెంగే" అనకండి, "ఇన్నేళ్లు బర్బాద్" అనకండి, "లాఖోం లాఖోం" అని కూడా అనకండి. ముందు ఎన్నేళ్లు మిగిలాయో అడగండి. పోయేది ఇజ్జతా, పనాహా అని అడగండి. తర్వాత రోటీలు తెస్తున్న మనిషిని చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చోమనండి. ఆమె నంబరెంతో అడగండి.

మా ఆపా ఇప్పుడు ఇరుగుపొరుగుకు ఏం చెప్తోందో తెలుసా? "మా అబ్బాయి రాత్రంతా మేల్కొని దునియాకు దవాయీలు మోస్తాడు" అంటోంది. ఇజ్జత్ ఎలాగోలా దారి వెతుక్కుంది. బహూ గురించి కూడా నలుగురిలో ఒక మాట చెప్పడం నేర్చుకుంటే నా మూడు నెలల మెహమానీ వసూలైనట్టే.

దువాల్లో యాద్ ఉంచుకోండి. అల్లాహ్ హాఫిజ్.